మౌలాబీ నోటికి మందు

ప్రత్తిపాడు తూర్పు బజారులో తెల్లవారిందని చెప్పే బాధ్యత కోళ్లది కాదు, మౌలాబీది. దూదేకుల వీధి మొగలో నిలబడి, కొంగు నడుముకు బిగించి, "ఓ నాగమ్మా! ఓ సుబ్బులూ! ఇంకా ముసుగు తన్ని పడుకున్నారా? చేలో కాయ పండి నేల రాలుతుంటే మీకు నిద్రెట్టా పడుతోందమ్మా!" అని ఒక్క కేక పెట్టేది. ఆ కేకకు నాగమ్మ లేచేది, సుబ్బులు లేచేది, లేవాల్సిన పని లేనివాళ్లు కూడా లేచి కూర్చుని తిట్టుకునేవాళ్లు. పసిపిల్లలు మాత్రం ఏడ్చేవాళ్లు కాదు. కడుపులో ఉన్నప్పటినుంచీ వింటున్న గొంతే కదా, అలవాటు పడిపోయారు.

మౌలాబీ మిరప కోతల ముఠాకు మేస్త్రి. మేస్త్రి అంటే చేతిలో కర్ర పట్టుకుని గట్టు మీద కూర్చునే రకం కాదు. అందరితో పాటు వంగి కోసేది, అందరికంటే ముందు సాలు ముగించేది, సాయంత్రం కొలత దగ్గర అందరి తరఫునా నోరు చేసుకునేది. అసలు ముఠాకు ఆమె కావలసింది ఆ చివరి పనికే.

నోరు ఎక్కడినుంచి వచ్చిందంటే, మొగుడి దగ్గర్నుంచి. మొగుడు బుడాన్ విల్లుతో దూది ఏకేవాడు. పాపం, మనిషి నోట్లో నాలుక లేనివాడు, కానీ ఆయన విల్లుకు ఉంది. పొద్దున కూర్చున్నాడంటే పొద్దుగూకేదాకా ఇల్లంతా టుంయ్, టుంయ్, టుంయ్. కాపురానికొచ్చిన రోజు నుంచీ ఆ మోత మీదుగానే మౌలాబీ సంసారం చేసింది. "అన్నం పెట్టనా?" అన్నా అరిచి అడగాల్సిందే, "పిల్లాడు పుట్టబోతున్నాడయ్యో" అన్నా అరిచి చెప్పాల్సిందే. ఆ రెండో కబురు మొగుడి కంటే ముందు వీధి చివర టీ కొట్టులో తెలిసిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఏళ్లు గడిచేసరికి బుడాన్‌కు చెవులు మందగించాయి, మౌలాబీకి గొంతు పెరిగింది. సంసారం సమంగానే నడిచింది.

ఇక కొలత సంగతి. మిరప కోతకు కూలి కాయల రూపంలోనే ఇచ్చేవాళ్లు. కోసిన కాయంతా గంపలకెత్తి కొలిచి, ఇన్ని గంపలకు ఇంత అని ఆడవాళ్ల వాటా తీసేవాళ్లు. ఇందులో రైతు చెయ్యాల్సిందల్లా ఒకటే. తన వైపు గంప నింపేటప్పుడు మోచేత్తో బాగా అదమాలి, కూలివాళ్ల గంప నింపేటప్పుడు చెయ్యి పైపైన ఆడించాలి. చూసేవాడికి అన్నీ నిండు గంపలే. వీళ్లు కోసే చేల రైతు దానయ్య గారు ఈ విద్యలో ఆరితేరినవాడు. ఎనిమిది మణుగుల మనిషి, గంప మీద మోచెయ్యి ఆనించి "అబ్బ, నడుం నొప్పి" అని వాలాడంటే కాయ సగానికి దిగిపోయేది. అప్పుడు మౌలాబీ అరిచేది. "దానయ్య గారూ, నడుం నొప్పయితే మంచం మీద వాలండి, గంప మీద కాదు! చెయ్యి తియ్యండి!" ఆ అరుపు పక్క చేలో కోసేవాళ్లకు వినపడేది, దారిన పోయే బండివాళ్లకు వినపడేది, వాళ్లంతా ఆగి చూసేవాళ్లు. దానయ్య చెయ్యి తీసేవాడు. తియ్యక ఏం చేస్తాడు?

ఇట్లా ప్రతి కోతకూ జరిగే తంతు వల్ల దానయ్య గారి ఆరోగ్యం దెబ్బతింది. ఆయన ఆలోచించాడు. కొట్టలేడు, తిట్టలేడు, తిట్ల పోటీలో ఆవిడ ముందు నిలవలేడు. ముఠా మార్చేద్దామా అంటే ఆవిడంత శుభ్రంగా కాయ కోసేవాళ్లు చుట్టుపక్కల లేరు. ఆవిడ చేతులు కావాలి, నోరు వద్దు. ఈ రెండింటినీ విడదీసే ఉపాయం డాక్టరు యలమందయ్య గారి దగ్గర దొరికింది.

యలమందయ్య గారిని తప్పు పట్టడానికి లేదు. ఊళ్లో ఎల్.ఎం.పి. చదివిన డాక్టరు ఆయనొక్కడే. చలిజ్వరాలకు, సెగ్గడ్డలకు, తేలు కాట్లకు ఆయన చెయ్యి మంచిదని పేరు. మనసు జబ్బుల గురించి ఆయన చదువుకునే రోజుల్లో చెప్పింది తక్కువ, ఆయన విన్నది ఇంకా తక్కువ. ఆ జబ్బుల డాక్టరు కావాలంటే విశాఖపట్నం పోవాలి. ఇట్లాంటి సమయంలో, ఒక మందుల కంపెనీ ఏజెంటు తోలు సంచీ వేసుకుని బస్సు దిగాడు. తెల్లటి మాత్రల సీసా ఒకటి బల్ల మీద పెట్టి, మనిషి ఎంత ఉద్రేకంలో ఉన్నా ఇది పడితే చల్లబడతాడని చెప్పాడు. ఆయన ఇంగ్లీషులో చెప్పాడు కాబట్టి డాక్టరు గారు అడ్డు ప్రశ్న వెయ్యలేదు.

అంతే, ఊళ్లో నరాల జబ్బు మొదలైంది.

ఆ జబ్బుకున్న తమాషా ఏమిటంటే, అది ఉన్న మనిషి తనంతట తాను డాక్టరు దగ్గరకొచ్చిన పాపాన పోలేదు. జ్వరమొచ్చినవాడు తన జ్వరం తనే చెబుతాడు. నరాల జబ్బు సంగతి మాత్రం ఎప్పుడూ పక్కవాళ్లకే తెలుస్తుంది. అత్తకు ఉందని కోడలు వచ్చేది. కోడలికి ఉందని అత్త వచ్చేది. ఇద్దరూ ఒకే రోజు, ఒకరు ముందు వాకిట్లోనుంచి, ఒకరు వెనక వాకిట్లోనుంచి వచ్చి తీసుకుపోయిన ఇల్లు కూడా ఉంది. ఆ ఇంట్లో పది రోజులు వంట లేదు. కాఫీ హోటలు కోటేశ్వరమ్మ మొగుడు పోయాక హోటలు తనే నడుపుతానంటే, ఆవిడ మరిది వచ్చి "మా వదిన ఊరికే పట్టుదల పడుతోందండీ" అని మాత్రలు పట్టుకుపోయాడు. ఇంకొకాయన, పక్కింటి కుక్కకని నిజం చెబితే ఇవ్వరని, "మా బావమరిది అండీ, పొద్దస్తమానం మొరుగుతాడు" అని చెప్పి తీసుకుపోయాడు. డాక్టరు గారు రెండు పూటలా ఒక్కొక్కటి రాశారు. కుక్క హాయిగా పడుకుంది.

రానురాను డాక్టరు గారికి తలెత్తే అలవాటు కూడా పోయింది. ఎదురుగా నీడ పడగానే కాగితం లాక్కుని "ఎవరికి?" అనేవారు. చెప్పింది వినేవారు, చీటీ రాసేవారు, పేరు అడిగి పైన వేసేవారు, కాంపౌండరు ఉస్మాన్ వైపు తోసేవారు. రోగిని చూడాలన్న మాటే వచ్చేది కాదు. రోగి ఇంటి దగ్గర బాగానే ఉన్నాడు కదా!

దానయ్య గారు మౌలాబీ కొడుకు హయాత్‌ను పిలిచాడు. హయాత్ ఆయన చేలో కొత్తగా పెట్టిన ఆయిల్ ఇంజను చూసుకునే పనిలో ఉన్నాడు. మంచివాడే, కాకపోతే తల్లి నోరూ తండ్రి విల్లూ విని పెరగడం వల్ల, ఎవరైనా మెల్లగా మాట్లాడితే చాలు వాళ్లు చెప్పింది నిజమనుకునే రకం.

"ఒరేయ్ హయాతూ, మీ అమ్మను చూస్తుంటే నాకు బాధగా ఉందిరా," అన్నాడు దానయ్య, చాలా మెల్లగా.

"ఏమైందండీ?"

"ఏమైందంటావేంట్రా? ఆ అరుపులు మనుషులు అరిచేవేనా? నరాలురా. ఇట్టాగే వదిలేస్తే ఓ రోజు అరుస్తూ అరుస్తూ తలలో నరం చిట్లిపోద్ది. మా మేనత్త అట్టాగే పోయింది. డాక్టరు గారితో నేను చెప్పి పెట్టాన్లే. నువ్వు పోయి మాత్రలు తెచ్చుకో. ఆమెకు చెప్పమాక, చెబితే మింగదు. టీలో కలిపియ్యండి."

దానయ్య గారి మేనత్త నూతిలో జారిపడి పోయిందని ఊరందరికీ తెలుసు. హయాత్‌కూ తెలుసు. కానీ ఆ క్షణంలో వాడికి తల్లి తల నరం తప్ప ఇంకేదీ కనపడలేదు. కళ్లనీళ్లు తుడుచుకుంటూ డాక్టరు దగ్గరకు పోయాడు.

"ఎవరికి?"

"మా అమ్మకండీ. బాగా అరుస్తదండీ."

"నిద్రలో కూడానా?"

"ఒక్కోసారండీ. కలలో కూడా కాయ కొలిపిస్తదండీ."

"ఊఁ. ముదిరింది. రెండు పూటలా. పేరు?"

మాత్రలు ఇంటికొచ్చాయి. హయాత్ భార్య కరీమున్ వాటిని గరిటె వెనకతో నూరి, అల్లం బాగా దంచి, బెల్లం టీలో కలిపి అత్తకు ఇచ్చింది. కరీమున్‌కు ఆ పిల్ల వయసుకు తగ్గ కోరిక ఒకటుండేది. తెల్లవారుజామున ఒక్క రోజు, ఒక్కటంటే ఒక్క రోజు, ఎవరూ కేక పెట్టకుండా తనంతట తాను నిద్ర లేవాలని. ఆ కోరిక తీరింది. వారం తిరక్కుండానే మౌలాబీ లేవడం మానేసింది.

మొదట్లో అందరికీ బాగానే ఉంది. తూర్పు బజారు బారెడు పొద్దెక్కేదాకా నిద్రపోయింది. "మౌలాబీకి వయసొచ్చింది, నెమ్మది వచ్చింది," అనుకున్నారు. ఆమెకు వచ్చింది నెమ్మది కాదు. నాలుక మందమైంది, నోరు ఎండిపోయేది, ఎన్ని చెంబుల నీళ్లు తాగినా తీరేది కాదు. కాయ తుంచే వేళ్లు వణికేవి. అన్నాళ్లూ ఎండలో కోసిన మనిషికి ఇప్పుడు ఎండ తగిలితే మొహమంతా మంటలెత్తి ఎర్రగా కందిపోయేది. సాలు చివరకు అందరికంటే వెనక వచ్చేది. వచ్చి, ఎందుకొచ్చానా అన్నట్టు నిలబడేది. మూతి పక్కన చొంగ కారినా తుడుచుకోవాలని తోచేది కాదు.

ఇంట్లో బుడాన్‌కు ఇంకో భయం పట్టుకుంది. భార్య పెదాలు కదులుతున్నాయి, మాట వినపడడం లేదు. విల్లు ఆపి చూశాడు, అయినా వినపడలేదు. నా చెవులు పూర్తిగా పోయాయిరా దేవుడా అని, పాపం, వెల్లుల్లి వేసి కాచిన నూనె రెండు చెవుల్లో పోసుకుని, దూది పెట్టుకుని, గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఇంట్లో దూదికి కొదవ లేదు కదా.

కొలత దగ్గరేమో దానయ్య గారికి పండగ. మోచెయ్యి ఆనించాడు. ఎవరూ ఏమీ అనలేదు. రెండో మోచెయ్యి కూడా ఆనించాడు. మౌలాబీ చూస్తూ నిలబడింది. ఏదో తప్పు జరుగుతోందని ఆమెకు తెలుస్తూనే ఉంది. లోపలెక్కడో అరుపు పుడుతోంది, పైకి వచ్చేసరికి అది అరుపుగా రావడం లేదు. "దానయ్య గారూ... చెయ్యి..." అంది. అంతే వచ్చింది. ఆయన "ఏంటమ్మా?" అని ఎంతో ప్రేమగా అడిగాడు. మళ్లీ అదిమాడు. ఆ రోజు నాగమ్మ, సుబ్బులు, అందరూ ఒళ్లో సగం కాయతో ఇంటికి పోయారు. దారిలో మౌలాబీతో ఎవరూ మాట్లాడలేదు. అది ఆమెకు మొహం మంట కంటే ఎక్కువ మండింది.

రెండు కోతలు ఇట్లా గడిచాయి. మూడో కోత ముందు నాగమ్మ ధైర్యం చేసి దానయ్యతో అంది. "గంప అదుముతున్నారండీ. మౌలక్క కూడా చెప్పింది కదా."

దానయ్య చుట్టూ చూసి, నలుగురూ వినేటట్టు చెప్పాడు. "మౌలాబీ చెప్పిందా? పిచ్చి మందు తింటున్న మనిషమ్మా ఆమె. డాక్టరు గారు స్వయంగా రాసిస్తున్నారు, కావాలంటే అడుగు. ఆమె మాట పట్టుకుని నన్ను దొంగనంటావా? అందుకే చెబుతున్నా, రేపు కోతకు మా బామ్మర్ది మేస్త్రిగా ఉంటాడు. ఆమె వస్తే కోసుకోనివ్వండి, పాపం. మాట మాత్రం ఆమెది కాదు."

ముఠాలో కరీమున్ కూడా ఉంది. ఆ మాట విన్నాక ఆ పిల్లకు తను చేసిందేమిటో తెలిసింది. తెల్లవారుజాము నిద్ర కోసం తను కలిపిన టీ అత్తను పిచ్చిదాన్ని చేసి కూర్చోబెట్టింది. పొద్దుగూకకముందే ఇంటికి పరుగెత్తి, వాకిట్లో కూర్చున్న మౌలాబీ కాళ్ల మీద పడింది.

"అత్తా, నన్ను కొట్టు అత్తా! నీ టీలో నేనే కలిపాను. మాత్రలు. నీ కొడుకు తెచ్చాడు, దానయ్య తెమ్మన్నాడు. నీకు నరాల జబ్బంట. ఇప్పుడేమో పిచ్చిదానివంటున్నారు, మేస్త్రి పని తీసేశారు!"

మౌలాబీ చాలాసేపు కోడలి తల చూస్తూ కూర్చుంది. మాత్రల మత్తులో ఆ మాటలన్నీ ఒక్కొక్కటే లోపలికి దిగాలి. చివరది కూడా దిగాక, కళ్లలోంచి నీళ్లు జలజలా రాలాయి. ఏడ్చింది మేస్త్రి పని పోయినందుకు కాదు. ఇన్నాళ్లూ తనలో ఏదో చచ్చిపోయిందని, ముసలితనమంటే ఇదే కాబోలని, ఎవరికీ చెప్పుకోకుండా లోలోపల కుమిలిపోయింది. చావలేదన్నమాట. ఎవడో మూత పెట్టాడన్నమాట!

అప్పుడే ఇంజను కట్టేసి వచ్చిన హయాత్, తల్లిని, భార్యను చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. "నరం చిట్లుతుందన్నాడమ్మా," అన్నాడు ఏడుపు గొంతుతో.

"చిట్లితే చిట్లేదిరా. నా నరం, నా ఇష్టం. నన్నొక మాట అడగొద్దా?" అంది మౌలాబీ. పెద్దగా అనలేకపోయింది. మెల్లగా అంది కాబట్టి, మామూలు తిట్ల కంటే హయాత్‌కు బాగా తగిలింది. వాడు ఆ రాత్రి అన్నం తినలేదు.

మర్నాడు ఉదయాన్నే టీ ముట్టకుండా, కొంగు తల నిండా కప్పుకుని, మౌలాబీ డాక్టరు గారి దగ్గరకు బయల్దేరింది. ముఠా చేలోకి పోయింది. సాయంత్రం కొలత వేళకల్లా తనకు జబ్బు లేదని డాక్టరు చేత అనిపించాలి. అనిపించలేకపోతే ఇక ఈ ఊళ్లో తను ఎంత అరిచినా, అది పిచ్చిదాని అరుపే. ఆమెకు ఆ సంగతి బాగా అర్థమైంది.

వసారాలో జనం నిండుగా ఉన్నారు. తన వంతు వచ్చేసరికి ఎండెక్కింది. లోపలికి పోయి నిలబడింది. జబ్బు లేదని ఎట్లా చెప్పాలా అని దారిపొడుగునా కూడబలుక్కున్న మాటలు నోటి దాకా వచ్చాయి. డాక్టరు గారు కాగితం లాక్కున్నారు.

"ఎవరికి?" అన్నారు, తలెత్తకుండా.

మౌలాబీ ఆ బట్టతల వైపు ఒక్క నిమిషం చూసింది. కూడబలుక్కున్న మాటలన్నీ పక్కకు పోయాయి. ఆమె కళ్లలో, ఎన్నాళ్లకో, పాత మౌలాబీ కదిలింది.

"మాకు బాగా కావలసిన ఒక పెద్దమనిషికండీ," అంది. గొంతు సన్నగా, వినయంగా వచ్చింది. ఆ వినయం డాక్టరు గారు ఇచ్చిందే.

"ఏం చేస్తున్నాడు?"

"మనిషి ఎదుట నిలబడితే మొహం చూడడండీ. కిందకే చూస్తాడు."

"ఊఁ. ఇంకా?"

"చెయ్యి ఊరుకోదండీ. కాగితం కనపడితే చాలు, ఏదో ఒకటి గీస్తూనే ఉంటాడు."

"అలాగా! ఎన్నాళ్లనుంచి?"

"ఎవరో పొరుగూరి మనిషి సంచీ వేసుకుని వచ్చి పోయినకాడ్నించీనండీ. ఏం పెట్టి పోయాడో ఏమో."

వసారాలో ఎవరో కిసుక్కుమన్నారు. కాంపౌండరు ఉస్మాన్ మాత్రలు లెక్కపెట్టడం ఆపి, గుడ్లప్పగించి చూశాడు. డాక్టరు గారు మాత్రం రాస్తూనే ఉన్నారు. జబ్బు ఇంత స్పష్టంగా వర్ణించి చెప్పినవాళ్లు ఆయనకు చాలా రోజుల తర్వాత దొరికారు.

"భ్రమలేమైనా ఉన్నాయా? లేనివి కనపడటం అట్లాంటివి?"

"అయ్యో, అదే కదండీ అసలు జబ్బు! మనిషి ఎదుట లేకపోయినా, ఉన్నట్టే అనుకుని మందిస్తాడండీ. ఎవరేం చెప్పినా నమ్ముతాడు. మొన్నామధ్య కుక్కను బావమరిది అనుకున్నాడంట!"

"అబ్బే, చాలా ముదిరింది," అన్నారు డాక్టరు గారు జాలిగా. "రెండు పూటలా చాలదు. మూడు పూటలా వెయ్యండి. పేరు?"

"యలమందయ్య గారండీ."

కలం 'యలమం' దాకా రాసి ఆగింది.

వసారా అంతా ఒక్కసారిగా గొల్లుమంది. ఉస్మాన్ సీసాల అలమారా వెనక్కి పోయి నోట్లో గుడ్డ కుక్కుకున్నాడు. డాక్టరు గారు తలెత్తారు. ఎన్నాళ్ల తర్వాత ఎత్తారో, మెడ పట్టేసినట్టు నెమ్మదిగా ఎత్తారు. మొహం కందగడ్డ అయింది.

"ఎవరు నువ్వు?" అన్నారు కోపంగా.

"ఈ కోతల కాలమంతా మీరు మందిస్తున్న మనిషినండీ. మౌలాబీని."

నవ్వు ఆగిపోయింది. డాక్టరు గారికి ఆ పేరు తెలుసు. ఆ గొంతూ తెలుసు, తెల్లవారుజామున ఆయన్ను కూడా లేపిన గొంతే. దానికి ఒక మొహం ఉందని ఇప్పుడే చూస్తున్నారు. కందిపోయిన బుగ్గలు, ఎండిన పెదాలు, వణుకుతున్న వేళ్లు. ఆయన చెడ్డ డాక్టరు కాదు. చూస్తే చాలు, తెలిసిపోతుంది. కుర్చీలోంచి లేచి, బల్ల దాటి వచ్చి, ఆమె చెయ్యి పట్టుకుని నాడి చూశారు. నాలుక చూపించమన్నారు. కనురెప్పలు ఎత్తి చూశారు. ఆయన కోపం ఎటు పోయిందో పోయింది.

"నా గొంతు మళ్లీ వస్తదా అండీ?" అంది మౌలాబీ.

"తెలియదమ్మా," అన్నారు డాక్టరు గారు. ఆయన నోటి వెంట ఆ మాట ఉస్మాన్ ఎప్పుడూ వినలేదు. "మాత్ర మానేస్తే మెల్లగా రావాలి. రోజూ వచ్చి చూపించుకో. నువ్వే రావాలి, ఇంకెవరూ కాదు."

"వస్తాను. ముందు మీరు రావాలి."

"ఎక్కడికి?"

"జబ్బుందని చెప్పిన కాడికే. దానయ్య గారి కల్లానికి. ఆ చీటీ కూడా తెండి."

కల్లంలో ఎర్రటి కాయ రాశుల మధ్య కొలత మొదలైంది. దానయ్య బామ్మర్ది మేస్త్రి హోదాలో చుట్ట కాలుస్తున్నాడు. దానయ్య గారు గంప మీద వాలి నడుం నొప్పి గురించి చెబుతున్నారు. ఆడవాళ్లు తలలు వంచుకుని నిలబడ్డారు. డాక్టరు గారు సైకిలు గట్టుకు ఆనించి దిగడం, వెనకే మౌలాబీ నడిచి రావడం చూసి దానయ్య మొహం వెలిగింది.

"రండి డాక్టరు గారూ! చూశారా, మళ్లీ తిరగబెట్టినట్టుంది. మీ మందు తినే మనిషి మా కొలతల్లోకి వస్తానంటే ఎట్టాగండీ?"

"అయితే ఆ మందు తినేవాళ్ల మాట చెల్లదంటారా దానయ్య గారూ?" అంది మౌలాబీ.

"ఎట్టా చెల్లుద్దమ్మా? డాక్టరు గారు రాసిచ్చారంటే ఇంక తిరుగుందా?"

"మీరే అన్నారు. డాక్టరు గారూ, నాకు చదువు రాదు. ఆ చీటీ కాస్త చదివి వినిపించండి."

డాక్టరు గారికి అక్కడ్నుంచి సైకిలెక్కి పోయే దారి ఉంది. పోవచ్చు. పోతే ఎవరూ ఆపరు. ఆయన జేబులోంచి చీటీ తీసి, గొంతు సవరించుకుని చదివారు. "నరాల మాత్రలు. మూడు పూటలా. పేరు..." కాస్త ఆగారు, సగంలో ఆగిన పేరును నోటితో పూర్తి చేశారు. "యలమందయ్య."

దానయ్య నోరు వెళ్లబెట్టాడు. బామ్మర్ది చుట్ట ఆరిపోయింది.

"నేనే రాసుకున్నానండీ, నా చేత్తోనే," అన్నారు డాక్టరు గారు. "ఎవరు చెబితే వాళ్లకు రాశాను. మీరు చెబితే ఈమెకు రాశాను, ఈమె చెబితే నాకు రాసుకున్నాను. ఇవాళే మనిషిని చూశాను. ఈమెకు ఏ జబ్బూ లేదు దానయ్య గారూ. ఉన్న జబ్బల్లా నేనిచ్చిందే."

నాగమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. మౌలాబీకి అంత తీరిక లేదు, ఆమె చూపు గంప మీదుంది. దానయ్య గారి మోచెయ్యి, ఈ గొడవంతటిలోనూ, ఉన్నచోటునుంచి కదల్లేదు.

"డాక్టరు గారూ, ఇంకొక్కరికి రాయండి," అంది మౌలాబీ. "చెయ్యి చెప్పిన మాట వినదు. గంప కనపడితే చాలు, దానంతటదే పోయి మీద వాలుద్ది."

డాక్టరు గారు దానయ్యను పైనుంచి కిందకు చూశారు. "మనిషి ఎదురుగానే ఉన్నాడు కాబట్టి రాయొచ్చు," అని జేబులోంచి కలం తీశారు.

ఆడవాళ్లంతా విరగబడి నవ్వారు. ఆ నవ్వులో మౌలాబీ ఒక అడుగు ముందుకు వేసి, గుండెల నిండా ఊపిరి పీల్చుకుని, నోరు తెరిచింది. "చెయ్యి తియ్యండి!" గొంతు మధ్యలో చీలింది, బొంగురుపోయింది, చివరి అక్షరం గాలిగానే వచ్చింది. అయినా వచ్చింది. దానయ్య చెయ్యి తీశాడు. అదిమిన కాయ గంపలో మెల్లగా పైకి లేచింది.

ఆ గొంతు ఆ తర్వాత పూర్తిగా మునుపటిలా రాలేదని తూర్పు బజారులో చాలామంది అంటారు. ఆ మాట దానయ్య గారు మాత్రం ఒప్పుకోరు.